గాజులమ్మ నోరు తెరిచిన రోజు

మా అత్తగారు కరీమున్నీసా నోరు సంగతి విశాఖపట్నం పాతూరులో తెలియనివాళ్ళు లేరు. మార్కెట్ వీధిలో ఆవిడ గాజుల కొట్టు ముందు కాసేపు నిలబడితే చాలు, గాజులు కొన్నా కొనకపోయినా నాలుగు సలహాలు చేతిలో పెట్టి పంపుతుంది. పేరు పెట్టి పిలిచేవాళ్ళు తక్కువ. ఊరందరికీ ఆవిడ గాజులమ్మే. సీమంతం గాజులకి మల్కాపురం నుంచీ, సబ్బవరం నుంచీ కూడా ఆడవాళ్ళు ఆవిడ దగ్గరికే వస్తారు. చెయ్యి పట్టుకుని బొటనవేలి కింద కండ నొక్కి చూసి, ఏ సైజు ఎక్కుతుందో చెప్పేస్తుంది. నొప్పి తెలియకుండా గాజు ఎక్కించడం ఆవిడ గొప్ప. అందుకోసం ఎక్కిస్తున్నంతసేపూ ఏదో ఒక కబురు చెబుతూనే ఉంటుంది. ఆ అలవాటు కొట్టులోనే ఆగితే నాకు ఏ ఇబ్బందీ ఉండేది కాదు.

అంత మాట్లాడే మనిషి నోట్లో ఏముందో మాత్రం ఎవరూ చూడలేదు. మా మామగారు హుస్సేన్ బాషా కూడా చూడలేదు. ఆవిడవి కట్టుడు పళ్ళు. అసలు పళ్ళు వయసు మీద పడకముందే ఊడిపోయాయి. నా భర్త జావేద్, తనకి పోర్టులో క్రేన్ ఉద్యోగం వచ్చిన కొత్తలో, పట్టుబట్టి కట్టించాడు. అప్పట్నించీ ఆవిడ వాటిని పడుకునేటప్పుడు కూడా తీయదు. కడగాలంటే స్నానాలగదిలోకి వెళ్ళి గడియ పెట్టుకుంటుంది. లోపల కుళాయి ఎక్కువసేపు పారుతుంటే, ఆవిడ పళ్ళు తోముకుంటోందని మేం అర్థం చేసుకుని మాట్లాడకుండా ఊరుకుంటాం.

"పళ్ళు లేని మొకం ఎట్టుకుని కూకుంటే, వచ్చినోళ్ళు గాజులు సూత్తారా, నా బోసినోరు సూత్తారా?" అనేది.

నేను భీమిలి పిల్లని. మా ఇళ్ళలో ఉర్దూతో మొదలైన మాట తెలుగుతో ముగుస్తుంది. కోపం వస్తే మాత్రం మొదటినుంచీ తెలుగే. ఇప్పుడు చెప్పబోయే రోజుల్లో మా ఇంట్లో ఉర్దూకి పెద్దగా పని పడలేదు.

మా హసన్ పుట్టినప్పుడు తహ్నీక్ చేసింది అత్తగారే. మాలో ఇంటి పెద్దవాళ్ళెవరైనా ఖర్జూరం మెత్తగా నమిలి, ఆ గుజ్జు కాస్త వేలితో తీసి పసివాడి అంగిట్లో రాస్తారు. బిడ్డ నోటికి మొదట తీపి తగలాలని, ఆ పెద్దల మంచితనం బిడ్డకి రావాలని. అది పుట్టినప్పుడు ఒక్కసారి చేసేది. మా అత్తగారికి ఒక్కసారితో తనివి తీరలేదు. సాయంత్రం కొట్టు కట్టేసి వచ్చి, కాళ్ళూ చేతులూ సబ్బుతో రుద్ది కడుక్కుని, మనవణ్ణి ఒళ్ళో వేసుకుని, ఖర్జూరం నమిలి ఏ రోజు తీపి ఆ రోజు వేలితో పెట్టేది. వాడు చప్పరిస్తుంటే చూడటం ఇంట్లో అందరికీ ముచ్చట. నాకూ ముచ్చటగానే ఉండేది.

వాడి నాలిక మీద తెల్లగా కనిపిస్తే పాల మరకే అనుకున్నాం. అత్తగారు తడిగుడ్డ వేలికి చుట్టి తుడిచింది. పోలేదు. ఇంకాస్త గట్టిగా తుడిస్తే కింద ఎర్రగా పుండులా కనిపించి, వాడు గుక్కపట్టి ఏడ్చాడు. అప్పటికే నాకు రొమ్ము మొనలు మండుతున్నాయి. పచ్చి బాలింతరాలికి ఆ మాత్రం సలుపు ఉంటుందిలే అని ఊరుకున్నాను. అది సలుపు కాదు. వాడు పాలు తాగుతున్నంతసేపూ, తాగి వదిలేశాక కూడా, గాజుపెంకులు లోపలికంటా దిగుతున్నట్టు ఉండేది. నా బిడ్డ ఆకలంటే నాకు భయం వేసింది. ఆ మాట పైకి అనడానికి సిగ్గు కూడా వేసింది.

పిల్లల డాక్టరు నీలిమగారు టార్చి వేసి వాడి నోరు చూసి, తర్వాత నన్ను చూశారు.

"ఇది పాల మరక కాదమ్మా, ఒకరకం ఫంగస్. పసివాళ్ళకి మామూలే, భయపడక్కర్లేదు. వాడి నోట్లోంచి నీకు అంటింది. నీ దగ్గర్నించి మళ్ళీ వాడికి అంటుతుంది. ఒక్కరికే మందు వాడితే రెండోవాళ్ళ నుంచి తిరిగొస్తుంది. అందుకని ఇద్దరూ ఒకేసారి వాడాలి. పాలు మానక్కర్లేదు. గుడ్డలు వేడినీళ్ళలో ఉతికి ఎండలో ఆరెయ్యి. తుడవడం మాత్రం ఆపెయ్యండి."

వాడి నోట్లో వేయడానికి చుక్కలు, నాకు పూసుకోవడానికి మందు ఇచ్చారు. చెప్పింది చెప్పినట్టు చేశాను. నాలిక గులాబీ రంగుకి తిరిగింది. నా మంట కూడా తగ్గింది. హాయిగా వాడికి పాలిచ్చి, వాడి జుట్టు వాసన చూసుకుంటూ కూర్చోవడం అప్పుడే మొదటిసారి తెలిసింది. ఆ హాయి ఎక్కువ రోజులు నిలవలేదు. బుగ్గ లోపల మళ్ళీ తెల్లటి చుక్క. మళ్ళీ గాజుపెంకులు.

రెండోసారి వెళ్ళినప్పుడు అత్తగారు కూడా వచ్చింది. డాక్టరమ్మ మందు మార్చి, "బిడ్డ నోటికి ఇంకేదైనా తగులుతోందా? పాలపీకా, సీసా?" అని అడిగారు.

"మా ఇంట్లో పీకల్లేవు, సీసాల్లేవు. నాను రానివ్వను," అంది అత్తగారు, సరుకు మీద మాట పడ్డట్టు.

అది నిజమే. నేనూ తలూపాను. పీక అడిగారు, సీసా అడిగారు. సబ్బుతో కడిగిన వేలు మా ఇద్దరి బుర్రల్లోకీ రాలేదు. పైగా వాడి నోరు ఎంత పుండైతే అత్తగారికి వాడి మీద అంత జాలి. కొట్టు నుంచి పెందలాడే వచ్చి, పాపం నోరు చేదుగా ఉందేమో అని రెండుసార్లు తీపి పెట్టేది.

మళ్ళీ తగ్గింది. మళ్ళీ వచ్చింది. ఈసారి నాకు ఏడుపు రాలేదు, కోపం వచ్చింది.

"నావల్ల కాదు. డబ్బా పాలు తీసుకురా," అన్నాను జావేద్‌తో.

అత్తగారు వంటింట్లోంచి వచ్చింది. "నాను బతికుండగా ఈ ఇంట్లోకి డబ్బా రాదు. ఈణ్ణీ, ఈడి అక్కనీ కొట్లో పరదా ఎనక కూకుని, గాజులమ్ముకుంటా పెంచేను. ఒక సేత్తో పిల్లణ్ణి అట్టుకుని, ఒక సేత్తో గాజులెక్కించేను. నొప్పుంటాది. ఓర్చుకోవాలి."

"ఓర్చుకునేది నేను. నొప్పి మీది కాదు కదా అమ్మీ!"

ఆవిడ నోరు తెరిచింది, ఏదో అనబోయింది, మూసేసింది. ఆవిడ మాట మింగడం నేనెప్పుడూ చూడలేదు. నెగ్గానేమో అనుకున్నాను గానీ అంత సంతోషం కలగలేదు. జావేద్ డ్యూటీ నుంచి వస్తూ డబ్బా తెచ్చి, ఎవరి మొహమూ చూడకుండా అటకమీద పెట్టాడు. రేపు ఒక్కరోజు చూసి, ఎల్లుండి మూత తీస్తానని నాలో నేనే నిర్ణయించుకున్నాను. అలా నిర్ణయించుకున్నాక నా రొమ్ములు పాలతో బరువెక్కి తడిసిపోతుంటే, నా మీద నాకే చెప్పలేనంత దిగులు వేసింది.

ఆ సాయంత్రం భీమిలి నుంచి మా అమ్మ పంపిన చేపల పులుసు వడ్డించాను. మా అత్తగారికి అదంటే ప్రాణం. మా అమ్మతో ఏ విషయంలోనూ పడదు గానీ, పులుసు విషయంలో ఒప్పుకుంటుంది. ఆ రోజు ఒక ముద్ద తిని కంచం పక్కకి జరిపింది.

"కారం ఎక్కువైపోనాది," అంది.

పచ్చిమిరపకాయ కొరుక్కుని అన్నం తినే మనిషి కారం ఎక్కువైందంటే మామగారు కూడా తలెత్తి చూశారు. తర్వాత ఆవిడ చేతులు కడుక్కుని వచ్చి హసన్ని ఒళ్ళో పడుకోబెట్టుకుంది. ఖర్జూరం నోట్లో వేసుకుంది. ఒక పక్కనే నములుతూ కన్ను చిట్లించింది. గుజ్జు వేలితో తీసి వాడి అంగిట్లో పెట్టింది. వాడూ అలాగే కన్ను చిట్లించాడు.

రోజూ చూస్తున్నదే. కానీ ఆ ఇద్దరి చిట్లింపూ ఒకదాని వెనక ఒకటి చూసేసరికి నాకు అనుమానం తగిలింది. నెమ్మదిగా చెప్పాల్సిన మాట. నాకు నెమ్మది చేతకాదు.

"అమ్మీ, మీ పళ్ళు ఒకసారి తీయండి. నోరు చూడాలి."

మామగారు లేచి, ఏదో పనున్నట్టు గుమ్మం బయటికి వెళ్ళిపోయారు.

"ఏటీ?" అంది ఆవిడ.

"ఇద్దరం మందు వాడినా తగ్గటం లేదు. మూడో మనిషి ఉండాలి. మీ నోట్లోనూ అదే ఉందేమో. ఆ గుజ్జుతో వాడికి వెళ్తోందేమో."

"నా ఎంగిలి నీ కొడుక్కి విషమైపోనాదేటి, షిరీన్?"

జావేద్ "అమ్మీతో అలాగ మాట్టాడతావేటి?" అన్నాడు. హసన్ పుట్టిన దగ్గర్నించీ నేను పడ్డ నొప్పంతా కలిపి ఒక్క చూపు చూశాను. అత్తగారు హసన్ని నా ఒళ్ళో పెట్టి, తన గదిలోకి వెళ్ళి తలుపు వేసుకుంది. తెల్లారి నాతో ఒక్క మాటైనా అనకుండా కొట్టుకి వెళ్ళిపోయింది. మా ఇంట్లో అంత ప్రశాంతత నేనెప్పుడూ ఎరగను, అది నాకు ఏమాత్రం నచ్చలేదు.

మధ్యాహ్నం ఫోను వచ్చింది. "పిల్లణ్ణి అట్టుకుని బేగి కొట్టుకి రా," అని పెట్టేసింది.

ఎండలో వాణ్ణి కొంగు కింద కప్పుకుని నడిచాను. తిడుతుందనే అనుకున్నాను. తిడితే ఏం అనాలో దారి పొడుగునా తయారుచేసుకున్నాను. నేను లోపలికి రాగానే ఆవిడ షట్టరు సగానికి దించింది. పండగ రోజుల్లో తప్ప పగలు దించని షట్టరు అది. గాజుల పెట్టెల వెనక పాత పూల పరదా ఉంది. జావేద్‌కి పాలిచ్చిన పరదా అదే. దాని వెనక్కి రమ్మని, నాకు ఎదురుగా కూర్చుని, చీర చెంగు నోటికి అడ్డం పెట్టుకుని వంగింది. తలెత్తేసరికి పళ్ళు చేతిలో ఉన్నాయి.

బుగ్గలు లోపలికి పోయాయి. పెదాలు ముడుచుకున్నాయి. ఒక్క క్షణంలో ఆవిడ ఎవరో ముసలమ్మ అయిపోయింది. నాకు చూపు తిప్పుకోవాలనిపించింది. తిప్పుకోలేదు.

"సూడు," అంది.

ఫోను లైటు వేసి చూశాను. పళ్ళ సెట్టు అంటుకుని ఉండే చోటంతా ఎర్రగా కమిలిపోయి ఉంది. దాని మీద అక్కడక్కడ విరిగిన పాలలా తెల్లటి పూత. హసన్ బుగ్గ లోపల నేను రోజూ చూసేదే.

"ఎన్నాళ్ళ నుంచి అమ్మీ? నొప్పి లేదా?"

"ఎందుకుండదు? మంటెత్తిపోతాది. సెప్తే పళ్ళు తీసీమంటారు కదేటి." పళ్ళు లేక మాటలు గాలిలా వస్తున్నాయి. ఆ సంగతి ఆవిడకీ తెలుస్తోంది. అయినా ఆపలేదు. "రాత్రి ఒకటే ఆలోసన. నాకు ముద్ద మింగినప్పుడే ఇలాగుంటే, ఈడు పట్టుకుని లాగినప్పుడల్లా నీకెలాగుంటాదో అని. ఓర్చుకోమన్నాను నాను. నాకు నానే ఓర్చుకోలేక పులుసు పక్కనెట్టీసేను."

నేను దారిలో తయారుచేసుకున్న మాటలు ఒక్కటీ పనికి రాలేదు. ఆవిడ మోకాలి మీద చెయ్యి వేశాను. ఆవిడ ఆ చేతిని తీసుకుని, అలవాటు చొప్పున బొటనవేలి కింద కండ నొక్కింది.

"సిక్కిపోనావు," అంది. తర్వాత, "డబ్బా మూత తీసేవేటి?"

"లేదు."

"తియ్యకు. నా పళ్ళు తీసీసేను కదా. నువ్వు అది తియ్యకు."

షట్టరు పూర్తిగా దించేసి, ఆటో ఎక్కి ముగ్గురం డాక్టరమ్మ దగ్గరికి వెళ్ళాం. నీలిమగారు అత్తగారి నోరు చూసి, "నేను అడగాల్సింది పీక గురించి కాదన్నమాట," అని నవ్వేశారు. పళ్ళ డాక్టరు దగ్గరికి పంపారు. ఆయన రాత్రిళ్ళు పళ్ళు తీసి మందు నీళ్ళలో వేసి ఉంచమన్నారు. ఈ పుండు మానేదాకా పగలు కూడా పెట్టుకోకపోతే మంచిదన్నారు. ముగ్గురికీ ఒకేసారి మందు. బిడ్డ నోట్లో ఖర్జూరం గుజ్జు వద్దు, తేనె అయితే ఏడాది నిండేదాకా అసలే వద్దు, పాలు చాలు అన్నారు డాక్టరమ్మ. అత్తగారు అన్నిటికీ తలూపింది. ఎదురు చెప్పకుండా ఆవిడ అంతసేపు కూర్చోవడం చూసి, జావేద్‌కి చెబితే నమ్మడేమో అనుకున్నాను.

ఇంటికొచ్చాక పళ్ళు గాజు గ్లాసులో వేసి వంటింటి గట్టు మీద పెట్టింది. మామగారు నీళ్ళకని వచ్చి గ్లాసు చూశారు, ఆవిడ మొహం చూశారు.

"ఏటలాగ సూత్తావు?" అంది.

"ఏం లేదు," అన్నారాయన. "మీ అమ్మలాగున్నావు. మీ అమ్మ మంచిది."

ఆవిడ గరిటె ఎత్తింది. ఆయన నవ్వుకుంటూ వెళ్ళిపోయారు. ఆ నవ్వుతోనే సగం భారం దిగిపోయింది ఆ ఇంట్లో.

సాయంత్రం అలవాటు ప్రకారం కాళ్ళూ చేతులూ కడుక్కుని వచ్చింది. హసన్ని ఒళ్ళో వేసుకుంది. ఖర్జూరం డబ్బా వైపు చెయ్యి వెళ్ళింది, వెనక్కి వచ్చేసింది. ఇవ్వడానికి ఏమీ లేక ఖాళీ చేతులతో కూర్చుంది. వాడు మాత్రం ఆ కొత్త మొహాన్ని రెప్ప వేయకుండా చూశాడు. ఆవిడ బోసినోటితో ఏదో అంది. వాడు పెదాలు కదిపి, మొట్టమొదటిసారిగా నోరంతా తెరిచి నవ్వాడు. మా అందరి పళ్ళూ చూసి నవ్వనివాడు, ఆవిడ లేని పళ్ళు చూసి నవ్వాడు. ఆవిడ వాడి పొట్ట మీద మొహం పెట్టి ఏడ్చేసింది. నేనూ ఏడ్చాను. జావేద్ అటకమీది పాల డబ్బా తీసుకుని, దుకాణంవాడు వెనక్కి తీసుకుంటాడేమో కనుక్కుని వస్తానని బయటికి వెళ్ళాడు.

ఈసారి తగ్గినది తిరిగి రాలేదు. రోజూ పొద్దున్న భయపడుతూ వాడి నోరు చూసేదాన్ని. గులాబీ రంగు. మర్నాడూ అదే. భయం ఎప్పుడు పోయిందో కూడా గమనించలేదు. ఒకరోజు పాలిస్తూ ఇస్తూ నిద్రపోయాను, అప్పుడు తెలిసింది.

పుండు మానేదాకా అత్తగారు కొట్టుకి పళ్ళు లేకుండానే వెళ్ళింది. నేను ఇంట్లోనే ఉండమన్నాను. "గాజులమ్ముకునేది సేతుల్తో," అంది. నాకూ ఇంట్లో తోచక, హసన్ని తీసుకుని ఆవిడతోపాటు వెళ్ళి పరదా వెనక కూర్చునేదాన్ని. అలా కూర్చుని ఉన్న ఒకరోజు సబ్బవరం నుంచి గౌరీశ్వరి అనే అమ్మాయి సీమంతం గాజులకి వచ్చింది. నిండు నెలలు. పక్కన ఆమె అత్తగారు. మా అత్తగారు చెయ్యి పట్టుకుని మట్టిగాజులు ఎక్కిస్తూ కబురు మొదలుపెట్టింది. పుట్టబోయే బిడ్డ నోట్లో తెల్లగా కనిపిస్తే తుడవొద్దని, బిడ్డకీ తల్లికీ ఒకేసారి మందు వాడాలని, నొప్పయితే ఓర్చుకోవద్దని, డాక్టరుకి చూపించమని.

"మీ అత్త నోరు కూడా సూపించు," అని కలిపింది.

ఆ పెద్దావిడ ఉలిక్కిపడి, మాట మార్చడానికన్నట్టు అడిగింది. "అదుండనీ గానీ గాజులమ్మా, నీ పళ్ళేవీ? పోయినసారి వచ్చినప్పుడు తళతళలాడతా ఉన్నాయి కదా?"

పరదా వెనక నేను చెవి ఒగ్గాను. వీధిలో జనం వెళ్తున్నారు, పక్క కొట్టువాళ్ళు కూడా వింటున్నారు. నా ఒళ్ళో హసన్ గుటకలు వేస్తూ తాగుతున్నాడు. నాకు నొప్పి లేదు.

"నా మనవడికింకా రాలేదు కదా," అంది మా అత్తగారు, వీధి చివరిదాకా వినిపించేటట్టు. "ఆడికొచ్చేక నానూ ఎట్టుకుంటాను."